ఒక్క కుర్సి తక్కువ

ఊర్ల ఏమైతుందో మీకు పోస్టరు చెప్తది,
నాకు కుర్సీల ఆర్డరు చెప్తది.

మూడొందలు, తెల్లగుడ్డలు, వెనక ఎర్ర రిబ్బను కట్టాలంటే
సుబేదారిల ఎవరిదో బిడ్డ రంగప్రవేశం.
అడ్వాన్సు ముందే పంపుతరు, పాపం.
నూరు, గుడ్డల్లేకుంట అంటే కవిసమ్మేళనం.
వేదిక మీద అరవై మంది,
కింద నేను, మా సాగర్‌గాడు, మైకాయన.
ఐదొందలు, ముంగట రెండు సోఫాలంటే
మంత్రి వచ్చే పేరిణి.
మంత్రి రాడు.
సోఫాలల్ల పోలీసోళ్ల పిల్లలు కాళ్లూపుకుంట చూస్తరు,
నా జన్మల అంత మంచిగ చూసినోళ్లను నేను చూడలే.

కాజీపేట రైల్వే ఇనిస్టిట్యూట్‌ల నాటకమైతే
మనల్ని అడిగేది ఒక్క సింహాసనమే.
పెండ్లికొడుకు కుర్సి తోలుతం.
మొన్నటి పసుపుమరక మీదనే
ఏ యుగం రాజో వచ్చి కూసుంటడు.

ఈ ఆదివారం పబ్లిక్ గార్డెన్‌ల ఒగ్గుకథ.
రెండొందల కుర్సీలు.
రాత్రి తొమ్మిది దాకనే అని రశీదు మీద రాసిచ్చిన.
తర్వాత అవే కుర్సీలు
హంటర్ రోడ్డు మీద రిసెప్షన్‌కు పోవాలె.

ఆరింటికన్నరు.
వానగాలికి డోలు మెత్తవడ్డదని తాళ్లు బిగించుడుల్నే ఏడు.
శాలువాలు, దండలు,
అధ్యక్షులవారి రెండు మాటలు ఎనిమిదింబావు దాకా.
అప్పుడు లేచిండు నర్మెట దిక్కు కొమురెల్లి,
కాళ్లగజ్జెలు ఒక్కసారి దులిపి.

ఏడుగురన్నలు పొమ్మన్న చెల్లె,
గొర్లమందతోని వాగు దాటుడు కథ.
తొమ్మిదింటికి ఆమె నడివాగుల ఉన్నది.

నేనేం చెయ్య?
వెనక వరుస కాడ షురు చేసిన.
ఒకదాంట్ల ఒకటి దూరుస్తుంటే
ప్లాస్టిక్ కుర్సి కిర్రుమనకుంట ఉండదు.
రిటైరైన సారొకాయన "సిగ్గులేదారా" అన్నడు.
రశీదు చూపిన.
సెల్లు లైటేసి మొత్తం చదివి,
అద్దాలు జేబుల వెట్టుకోని
గడ్డి మీద కూసున్నడు.
ఆయనెనక ఇంకొకరు. ఇంకొకరు.

కొమురెల్లి నన్ను చూసిండు.
కథ ఆపలే.
వేదిక దిగిండు, డోళ్లు దిగినయ్,
తీగ అందక మైకు మీదనే ఉండిపాయె.
గడ్డి మీదోళ్లు జరిగి జరిగి చుట్టూ అల్లుకున్నరు.
"ఇగో, ఇప్పుడు కూసున్నట్టున్నరు" అన్నడు,
అని మళ్ల వాగులకు దిగిండు.

నీళ్లు చెల్లె రొమ్ముల దాకొచ్చినయ్.
నా చేతులు లెక్కవెడుతున్నయ్, చెవులు ఆడున్నయ్.
నూట తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.
ఆఖరి దాంట్ల ఒక ముసలవ్వ.
మోకాళ్లకు పట్టీలు, కండ్లు మూసుకున్నది.
నిద్రపోయిందనుకున్న.
వంగి చూస్తే పెదవులు కదులుతున్నయ్,
కొమురెల్లి కన్న ఒక్క మాట ముందు.

ట్రాలీ స్టార్టు చెయ్యుమన్న సాగర్‌ను.

హంటర్ రోడ్డు మీద డీజేకు
బిర్యానీ గిన్నెల మూతలు గూడ ఎగురుతున్నయ్.
పిల్లగాని మేనమామ వరుసవరుసకు వేలు చూపుకుంట లెక్కవెట్టిండు.
"ఒకటి తక్కువున్నది."
ఉన్నది అన్న.
"పైసలు పట్టుకుంట."
పట్టుకో అన్న.
అంత జల్ది ఒప్పుకుంటే మనిషికి అనుమానమొస్తది,
ఇంకోసారి లెక్కవెట్టిండు.

పన్నెండింటికి గార్డెన్‌కు మళ్లొచ్చిన.
జనం లేరు. గడ్డంత పడుకున్నది గుండ్రంగ.
నడుమ కుర్సి ఒక్కటే,
చెయ్యివెట్టే కాడ బండారు అంటిన ఐదేళ్లు.

వాచ్‌మన్ గేటు తాళం తిప్పుకుంట వచ్చిండు.
"దాటిందా?" అని అడిగిన.
"ఎవరు?" అన్నడు,
టార్చి కుర్సి మీదికి కొట్టి.

ఎత్తి భుజానేసుకున్న.
కాళ్లు నాలుగూ తడిగున్నయ్.